గెటీస్‌బర్గ్ గైడు టూర్: కారు తాళం ఆయనకిచ్చి ఒక్క రెజిమెంట్ వెంట తిరిగాం

ముందే చెప్పేస్తున్నా, నాకు యుద్ధాల మీద పెద్ద ఆసక్తేమీ లేదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే వర్జీనియాలో ఉండే మనవాళ్లందరూ తిప్పే రూటే మాదీ: వాషింగ్టన్, నయాగరా, హెర్షీ చాక్లెట్ వరల్డ్. ఆష్‌బర్న్ నుంచి రూట్ 15 పట్టుకుని హెర్షీ వెళ్తే గెటీస్‌బర్గ్, 1863లో అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలవాళ్లు మూడు రోజులు కొట్టుకున్న చోటు, మధ్యలో తగులుతుంది, ఒక పూట ఆగుదాం అనుకున్నాం, అంతే.

రెండేళ్ల కిందట మా అత్తగారు మామగారు వచ్చినప్పుడూ వెళ్లాం. అప్పుడు ఫోన్‌లో ఏదో ఆడియో టూర్ కొన్నాను (పేరెందుకులెండి), మనం ఒక చోట ఉంటే అది ఇంకో చోటి కథ చెప్పేది, సగంలో సిగ్నల్ పోయింది. అక్కడ స్మారకాలే 1,300కి పైగా ఉంటాయి. ఫిరంగి, రాయి, విగ్రహం, మళ్లీ ఫిరంగి, మళ్లీ రాయి. నలభై నిమిషాలకు మామగారు "బాబూ, ఇక్కడ కాఫీ దొరుకుతుందా" అన్నారు, దాంతో టూర్ సమాప్తం. అందుకే ఈసారి లైసెన్స్ ఉన్న గైడును పెట్టుకున్నాం. ఈ రివ్యూ ఆ రెండు గంటల గురించే.

చాలామందికి తెలియని సంగతి, ఈ గైడు మన కారులోనే వస్తాడు, డ్రైవింగ్ కూడా ఆయనే చేస్తాడు. మాది ఏడు సీట్ల బండి. నేను, మా ఆవిడ, అమ్మ, నాన్న, మా అబ్బాయి, మిన్నెసోటా నుంచి వచ్చిన మా బావమరిది కలిపి ఆరుగురం, ఏడో సీటు ఆయనది. ముక్కూ మొహం తెలియని మనిషికి తాళం ఇస్తుంటే నాన్న నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. "ఇన్సూరెన్సు ఉందారా?" అన్నాడు తెలుగులో, నవ్వు మొహంతోనే. కానీ ఆ ఏర్పాటు ఎందుకో పది నిమిషాల్లో తెలిసిపోయింది. అక్కడి రోడ్లు చాలావరకు వన్ వే, ఎక్కడ ఆగాలో ఎటు తిరగాలో ఆయనకు కళ్లు మూసుకున్నా తెలుసు, మనం కిటికీలోంచి చూస్తూ వింటే చాలు. ఈ లైసెన్స్ పద్ధతి 1915 నుంచి ఉందట, రాత పరీక్షా నోటి పరీక్షా పాసైతేనే ఇస్తారట. మా గైడును చూస్తే నమ్మబుద్ధేసింది, చేతిలో కాగితం ముక్క లేకుండా సైన్యంలో ఏ కంపెనీ, అంటే ఏ చిన్న దళం, ఏ ఊరిదో చెప్పేవాడు.

ఆయన బండి స్టార్ట్ చేయకముందే అడిగాడు, ఏం చూడాలని వచ్చారు అని. నేను "మొత్తం" అన్నాను. మూడు రోజుల యుద్ధం, రెండు వైపులా కలిపి చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, పట్టుబడ్డవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు 51,000 దాకా, ఇదంతా రెండు గంటల్లో చెప్పగలను గానీ సాయంత్రానికి మీకొక్కటీ గుర్తుండదు, మీలో ఎవరు ఏ రాష్ట్రం వాళ్లో చెప్పండి, ఆ రాష్ట్రం రెజిమెంట్ ఒక్కటి పట్టుకుని వెళ్దాం అన్నాడు. రెజిమెంట్ అంటే కొన్ని కంపెనీలు కలిసి వెయ్యి మంది దాకా ఉండే దళం. మేం వర్జీనియా, అంటే ఆ యుద్ధంలో ఓడిపోయిన వైపు. బావమరిది చెయ్యెత్తి "మిన్నెసోటా, ఈగన్" అన్నాడు. అయితే 1వ మిన్నెసోటా పదాతి రెజిమెంట్ అన్నాడాయన. అక్కడే నా డబ్బులు గిట్టుబాటయ్యాయని ఇప్పుడు అనిపిస్తోంది.

1861 ఏప్రిల్‌లో ఫోర్ట్ సమ్టర్ అనే ప్రభుత్వ కోట మీద దక్షిణ రాష్ట్రాలవాళ్లు ఫిరంగులు పేల్చినప్పుడు మిన్నెసోటా గవర్నర్ అలెగ్జాండర్ రామ్సే వేరే పని మీద వాషింగ్టన్‌లో ఉన్నాడు. కబురు తెలియగానే యుద్ధ శాఖ చూసే సైమన్ కామెరాన్ దగ్గరికి వెళ్లి మా రాష్ట్రం నుంచి వెయ్యి మందిని ఇస్తాం అన్నాడు. అప్పటికి మిన్నెసోటా రాష్ట్రమై నిండా మూడేళ్లు కాలేదు, అయినా లింకన్ ప్రభుత్వానికి సైన్యం ఇస్తామన్న మొదటి రాష్ట్రం అదే. కలప నరికేవాళ్లు, రైతులు, ఊళ్లలో చిన్నాచితకా పనులు చేసుకునేవాళ్లు పేర్లిచ్చారు, ఏప్రిల్ 29న ఫోర్ట్ స్నెల్లింగ్‌లో ముందు మూడు నెలలకే సైన్యంలో చేర్చుకున్నారు, తర్వాత దాన్ని మూడేళ్లకు మార్చారు. రెడ్ వింగ్, విననా, స్టిల్‌వాటర్ ఇలా ఒక్కో ఊరివాళ్లు ఒక్కో కంపెనీ, డకోటా కౌంటీ నుంచి ఒకటి. ఈగన్ ఉన్నది డకోటా కౌంటీలోనే. "బావా, ఫోర్ట్ స్నెల్లింగ్ మా ఎయిర్‌పోర్టు పక్కనే, నిన్న ఫ్లైటుకి వస్తూ దాని ముందు నుంచే వచ్చాను" అన్నాడు బావమరిది.

వాడే ఇంకో మాట కూడా చెప్పాడు, గైడు దాని జోలికి పోలేదు గానీ ఇక్కడ రాయాలి. ఈ రెజిమెంట్ తూర్పున పోరాడుతున్న రోజుల్లోనే, 1862లో, మిన్నెసోటాలో డకోటా తెగవాళ్లతో యుద్ధం జరిగింది, అది ముగిశాక 1862 డిసెంబర్ 26న మాంకేటోలో 38 మంది డకోటా మగవాళ్లను ఒకేసారి ఉరితీశారు, ఆడవాళ్లూ పిల్లలూ ముసలివాళ్లూ 1,600 మందిని చలికాలమంతా అదే ఫోర్ట్ స్నెల్లింగ్ కింద కంచె వేసి ఉంచారు. కారులో కాసేపు ఎవరం మాట్లాడలేదు.

మొదటి పెద్ద యుద్ధం బుల్ రన్, 1861 జులై 21. అంటే మా మనస్సాస్! నేను వారానికి రెండుసార్లు 66 హైవే మీద ట్రాఫిక్‌లో తిట్టుకుంటూ దాటే చోటు. రికెట్స్ అనే ఆయన ఫిరంగులకు కాపలాగా హెన్రీ హిల్ మీదికి పంపితే, ఎదురుగా ఉన్నది తమవాళ్లో పరాయివాళ్లో తేల్చుకోలేని గందరగోళం, ఎందుకంటే అప్పటికి రెండు సైన్యాల యూనిఫారాలూ ఒక పద్ధతిలో లేవు. ఆ ఒక్క రోజులో రెజిమెంట్‌లో ఐదో వంతు మంది పడిపోయారు. మరుసటి ఏడు సెప్టెంబర్ 17న యాంటీటమ్, వెస్ట్ వుడ్స్ అనే అడవి ముక్కలో మళ్లీ దెబ్బ. అమెరికా చరిత్రలో ఒక్క రోజులో అంత రక్తం కారింది ఇంకెప్పుడూ లేదు. దాన్ని ఆయన రెండు ముక్కల్లో దాటేశాడు, మా టైము చూసుకునే అనుకోండి.

నాకు బాగా నచ్చిన కథ యుద్ధంలోది కాదు, దారిలోది. 1863 జూన్ 29న వీళ్ల దండు ఒక్క రోజులో 30 మైళ్లకు పైగా నడిచింది, మన లెక్కలో 50 కిలోమీటర్లు అనుకోండి, ఎండలో, ఉన్ని బట్టల్లో, భుజాన తుపాకీ. దారిలో వాగు వస్తే ఆగకుండా నీళ్లలోంచే నడవాలని పైవాళ్ల హుకుం. తడి కాళ్లతో నడిస్తే బొబ్బలెక్కుతాయని వీళ్లు కొందరు దుంగల మీద నుంచి దాటారు. అంతే, రెజిమెంట్ నడిపే కల్నల్ విలియం కాల్విల్‌ను అరెస్టు చేశారు! ఆరడుగుల ఐదంగుళాల మనిషి, రెడ్ వింగ్‌లో లాయరు, పత్రిక కూడా నడిపాడు. జులై 2 పొద్దున గానీ మళ్లీ పెత్తనం చేతికివ్వలేదు. నాన్నకి ఇది చెప్తే పడీ పడీ నవ్వాడు. "ఆఫీసర్లు ఎక్కడైనా ఆఫీసర్లేరా" అన్నాడు. పల్నాడులో పత్తి, మిరప పండించే మనిషి, ఆయన చూసిన ఆఫీసర్ల లెక్క వేరు.

ఇక అసలు చోటు. హాంకాక్ అవెన్యూ అనే రోడ్డు పక్కన బండి ఆపి అందర్నీ దించాడు. ఎత్తైన దిమ్మె మీద తుపాకీకి బాయొనెట్ బిగించుకుని పరుగెత్తుతున్న కంచు సిపాయి, 1897లో ఆవిష్కరించింది. పోయినసారి ఇదే విగ్రహం ముందు నుంచి ఆడియో టూర్‌తో పోయాం, కనీసం స్లో కూడా చేయలేదు.

ఆయన చేత్తో గాలిలో గీస్తూ చెప్పాడు. యూనియన్ సైన్యం, అంటే ఉత్తరాదివాళ్లు, ఈ మెరక పొడుగునా వరసగా ఉంది. డానియల్ సికిల్స్ అనే జనరల్ తనకిచ్చిన చోటు నచ్చక, పైవాళ్లను ఒప్పించకుండానే తన దళాన్ని అర మైలుకు పైగా ముందుకు, పీచ్ తోట దాకా తీసుకెళ్లాడు. జులై 2 సాయంత్రం అక్కడ వాళ్లు చితికిపోయి వెనక్కి పారిపోయి వస్తుంటే, వెంటపడి దక్షిణాది అలబామావాళ్ల బ్రిగేడ్ (కొన్ని రెజిమెంట్లు కలిసిన దళం) ఒకటి, విల్‌కాక్స్ అనే జనరల్‌ది, సరిగ్గా ఈ ఖాళీలోకి వస్తోంది. ఖాళీ పూడ్చడానికి మనుషులు వస్తున్నారు గానీ ఇంకా చేరలేదు. ఉత్తరాది జనరల్ హాంకాక్ గుర్రం మీద వచ్చి చూస్తే ఇక్కడ ఫిరంగులకు కాపలాగా ఉన్న ఈ ఒక్క రెజిమెంట్, అదీ నిండుగా లేదు, కొన్ని కంపెనీలు వేరే పనుల మీద పోగా మిగిలినవాళ్లు. ఇది ఏ రెజిమెంట్ అని అడిగాడు, 1వ మిన్నెసోటా అన్నాడు కాల్విల్, ఆ వచ్చే వరస మీదికి దూకండి అన్నాడు హాంకాక్. ఆయనకు కావలసింది ఐదు నిమిషాలు.

నేను ఇదంతా నాన్నకి తెలుగులో చెప్తున్నా, బ్రిగేడ్‌కీ రెజిమెంట్‌కీ తేడా చెప్పలేక నలిగిపోతున్నా. ఆయన మధ్యలో ఆపాడు. "గండి పడిందంటావు, అంతే కదా. కుడి కాలవ గట్టు తెగినప్పుడు లారీ మట్టి వచ్చేదాకా ఆగం, చేతికందిన బస్తా ఏదైతే అది విసురుతాం. అది కొట్టుకుపోతదని తెలిసే విసురుతాం." నేను ఈ మాటను ఇంగ్లీషులో గైడుకు చెప్పాను. ఆయన నాన్న వైపు తిరిగి, తల ఊపి, ఇక మీదట ప్రతి చోటా ముందు నాన్నతోనే మాట్లాడాడు, అర్థం కాదని తెలిసినా. అమ్మ మాత్రం ఇంకోటి అడిగింది. "ఆ బస్తాలకు పేర్లుంటాయి కదా, రాశారా ఎక్కడన్నా?" దానికి జవాబు స్మశానంలో దొరుకుతుందన్నాడు.

తర్వాత అడిగాడు, దిగి నడుస్తారా అని. నడవండి, దయచేసి నడవండి, ఈ టూర్‌లో డబ్బంతా అక్కడే ఉంది. స్మారకం దగ్గర నుంచి పల్లంలోకి, ప్లమ్ రన్ దాకా, సుమారు 300 గజాలు. ప్లమ్ రన్ అంటే ఏరు అనడానికి మొహమాటంగా ఉంటుంది, పిల్ల వాగు, తుప్పలు. వెనక్కి తిరిగి చూస్తే విగ్రహం పైన చిన్నగా కనపడుతుంది, మధ్యలో దాక్కోవడానికి చెట్టు లేదు పుట్ట లేదు. బావమరిది ఫోన్‌లో టైమర్ పెట్టాడు, మా నడకకి నాలుగు నిమిషాలు పైన పట్టింది, నాన్న చెప్పులతో జాగ్రత్తగా దిగాడు కాబట్టి. వాళ్లు పరుగున దిగి, ఆ వాగు దగ్గర అలబామావాళ్ల ముందు వరసను ఆపేసి, తుప్పల్లో పడుకుని కాల్చి, మూడు వైపుల నుంచి తూటాలు తిని, వెనక సాయం చేరేదాకా నిలబెట్టారు. జెండా ఐదుసార్లు కింద పడితే ఐదుసార్లూ ఇంకొకడు ఎత్తాడు. కాల్విల్‌కు భుజంలో, పాదంలో తూటాలు.

262 మంది దిగితే 215 మంది చనిపోవడమో గాయపడడమో జరిగిందని స్మారకం మీద చెక్కి ఉంది. మా గైడు ఇక్కడ ఒక మంచి పని చేశాడు, ఈ లెక్క మీద ఇప్పటి పరిశోధకులకు వాదన ఉంది, దిగినవాళ్లు అంతకన్నా ఎక్కువే అనేవాళ్లున్నారు, మీరు రాయి మీదిదే వేదం అనుకోవద్దు అన్నాడు. ఇలా చెప్పే గైడు దొరకడం అదృష్టం. మన గైడులు కొందరు కోటకి సొరంగం ఉంది, అది కాశీ దాకా పోతుంది అని చెప్తారు కదా, ఆ రకం కాదు.

వాగు దగ్గరే నాన్న అడిగాడు, ఎదుటివాళ్లు ఎవరు, ఏం పని చేసేవాళ్లు అని. అలబామా అంటే పత్తి రాష్ట్రం, వచ్చినవాళ్లలో ఎక్కువమంది రైతులే, పెద్ద పెద్ద తోటల్లో పత్తి తీసేది బానిసలు అని చెప్పాడాయన. పత్తి తీత అంటే ఏమిటో నాన్నకు ఎవరూ చెప్పక్కర్లేదు, కాయ తొడిమ గీరుకుని వేళ్లు ఎలా అవుతాయో ఆయనకు తెలుసు. "కూలి లేకుండానా?" అన్నాడు. లేకుండానే. ఈ యుద్ధంలో దక్షిణాది రేవులు మూసేయడంతో ఇంగ్లండ్ మిల్లులకు పత్తి ఆగిపోయి ఇండియా పత్తికి రేటు ఆకాశానికి పోయిందని, యుద్ధం అయ్యాక ధబీమని పడిందని నేను ఎక్కడో చదివింది చెప్పాను. దానికి నాన్న ఏమీ ఆశ్చర్యపోలేదు. పత్తి రేటు పడడం ఆయనకు వార్త కాదు.

మూడో రోజు, జులై 3, పికెట్ అనే దక్షిణాది జనరల్ పేరు మీద పిలిచే దాడి. అందరికీ తెలిసిన ఘట్టం ఇదే, గైడు కూడా ఎక్కడా తగ్గలేదు గానీ నాకు అప్పటికే మనసు ఆ వాగు దగ్గరే ఉండిపోయింది. 1వ మిన్నెసోటాలో మిగిలినవాళ్లు మళ్లీ వరసలోనే ఉన్నారు, దక్షిణాదివాళ్లు 12,000 మందికి పైగా మైలు దూరం మైదానంలో నడిచి వస్తుంటే. అప్పుడు నడిపిస్తున్న కెప్టెన్ నేథన్ మెసిక్ చనిపోయాడు. మార్షల్ షెర్మన్ అనే సిపాయి 28వ వర్జీనియా రెజిమెంట్ జెండా పట్టుకున్నాడు, దానికి సైన్యంలో అన్నిటికన్నా పెద్ద పతకం, మెడల్ ఆఫ్ ఆనర్, ఇచ్చారు. ఆ జెండా ఇప్పటికీ మిన్నెసోటాలోనే ఉంది. వర్జీనియావాళ్లు తిరిగి ఇవ్వమని చాలాసార్లు అడిగారు, వీళ్లు ఇవ్వరు. 2000లో అప్పటి మిన్నెసోటా గవర్నర్ జెస్సీ వెంచురా, ఎందుకివ్వాలి, గెలిచింది మేం కదా అన్నాడట. ఇది విన్నాక బావమరిదిని పట్టలేకపోయాం. హెర్షీ దాకా "బావా, మీ జెండా మా దగ్గరుంది" అని ఒకటే గోల, మా అబ్బాయి వర్జీనియా పక్షాన పోట్లాట. పెళ్లైన పన్నెండేళ్లలో వాడికి నా మీద ఇంత పైచేయి ఎప్పుడూ రాలేదు.

చివరి ఆపు జాతీయ స్మశానం. లింకన్ 1863 నవంబర్‌లో రెండు నిమిషాలు మాట్లాడిన సభ ఇక్కడిదే, అది అందరూ చెప్తారు. మేం చూసింది ఒక కలశం. తెల్లటి రాయి, పూలకుండీ లాంటిది, 1867లో ఈ రెజిమెంట్‌లో బతికినవాళ్లు చనిపోయినవాళ్ల కోసం పెట్టించారు. ఆ యుద్ధభూమి మొత్తంలో ఒక రెజిమెంట్ పెట్టుకున్న మొట్టమొదటి స్మారకం ఇదేనట. దగ్గర్లోనే నేలకు అతికినట్టు రాళ్లు, రాష్ట్రాలవారీగా, వాటి మీద పేర్లు. అమ్మ వంగి చేత్తో గడ్డి తప్పించి చూసింది, చదవలేదు, ఇంగ్లీషు రాదు. పల్నాడులో కార్యమపూడి వీరుల గుడి, పల్నాటి యుద్ధంలో పోయినవాళ్లకు మొక్కే చోటు, తెలిసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అమ్మ చెప్పులు అప్పటికే విప్పేసింది.

ఇక ఉపయోగపడే సంగతులు. గైడును ముందే బుక్ చేసుకోండి, జూన్ జులైలో అప్పటికప్పుడు వెళ్తే దొరకడం కష్టం. రెండు గంటలు చాలవు, నేను పిసినారితనం చేశాను, ఇంకో గంట తీసుకోవాల్సింది. పెద్దవాళ్లుండి మధ్యలో మీరు అనువాదం చేయాలంటే మరీను. పార్కుకి టికెట్ లేదు, మ్యూజియానికి ఉంది. మ్యూజియంలో సైక్లోరమా అని గుండ్రంగా చుట్టూ వేసిన పెద్ద పెయింటింగ్ ఉంటుంది, 377 అడుగుల పొడవు, 42 అడుగుల ఎత్తు, పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. అయితే దాన్ని టూర్ తర్వాత చూడండి, ముందు చూస్తే ఏ పొగ ఎవరిదో తెలియదు. డెవిల్స్ డెన్ బండరాళ్ల దగ్గర పిల్లల్ని వదిలేస్తే అరగంట మీకు విశ్రాంతి. పల్లంలోకి దిగితే ఇంటికొచ్చాక కాళ్లు చూసుకోండి, గడ్డిలో పేలలాంటి పురుగులు, టిక్స్, పడతాయి. మా ఆవిడ సాక్సు మీద ఒకటి దొరికింది. తిండి మాత్రం కట్టుకెళ్లండి. ఊళ్లో ఒక హోటల్‌లో శాకాహారం అని అడిగితే బంగాళాదుంప చిప్స్ మీద చీజ్ వేసి తెచ్చారు, ఒక్కో ప్లేటు బిల్లు చూసి నాన్న దాన్ని రూపాయల్లోకి మార్చి మరీ చదివాడు. మేం తెచ్చిన పులిహోర పిక్నిక్ టేబుల్ దగ్గర తిన్నాం, గైడుకు కూడా కొంచెం డబ్బాలో పెట్టిచ్చింది అమ్మ.

ఇంకొకటి, టిప్పు కోసం నగదు ఉంచుకోండి. నా పర్సులో కార్డులు తప్ప ఒక్క నోటు లేదు, బావమరిది దగ్గరా లేదు, ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటుంటే నాన్న చొక్కా లోపలి జేబులోంచి పిన్నీసు తీసి, హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో మార్చుకున్నప్పటి నుంచి ముట్టుకోని డాలర్ల కట్ట బయటికి తీశాడు. రెండు ఇరవైలు లెక్కపెట్టి ఆయన చేతిలో పెట్టి, కారు తాళం వెనక్కి తీసుకున్నాడు.